కొండ నుంచి తెచ్చుకోదగ్గది స్టిక్కరొక్కటే
డీటీపీ, ప్రెస్, ప్లాటర్ పనివాళ్ళకి శేషాచలం స్టిక్కర్లతో పక్క ఆదాయం

పెళ్ళిళ్ళ సీజన్ అయిపోతే డీటీపీ షాపులో పని పలచబడుతుంది. ఫ్లెక్సీ మిషన్ పండగకో ఎన్నికలకో తిరుగుతుంది. బండి నంబర్లు, హెల్మెట్ స్టిక్కర్లు కోసే కుర్రాడికి మధ్యాహ్నం దాటాక చేతినిండా పని ఉండదు. తిరుపతి, చంద్రగిరి, పీలేరు, రాజంపేట చుట్టుపక్కల ఈ పనుల్లో ఉన్నవాళ్ళు చాలామంది. చేతిలో కోరల్‌డ్రా ఉంది, పక్కనే మిషన్ ఉంది, ఎదురుగా శేషాచలం ఉంది. ఆ కొండల జ్ఞాపకంగా స్టిక్కర్లు వేసి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయా అన్నది ఈ వ్యాసం విషయం. వస్తాయి. అయితే ఉద్యోగం మానేసి దిగేంత పని కాదిది. ఉన్న పని చేసుకుంటూ, వందల రూపాయలతో మొదలుపెట్టి, నిదానంగా పెంచుకునే పని.

ఇక్కడ స్టిక్కరుకి గిరాకీ ఎందుకుంటుందో ముందు చూద్దాం. శేషాచలం కొండల్లో 353 చదరపు కిలోమీటర్ల అడవిని 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ వనంగా ప్రకటించారు. 2010లో శేషాచలం కొండలు బయోస్ఫియర్ రిజర్వ్ అయ్యాయి. నిట్టనిలువు ఎర్ర రాతి గోడలు, ఇరుకు లోయలు, 270 అడుగుల తలకోన జలపాతం ఉన్న చోటిది. చూడటానికి వచ్చినవాళ్ళు ఏదో ఒకటి గుర్తుగా తీసుకెళ్ళాలనుకుంటారు. కానీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ వనంలోంచి ఏదీ బయటికి తేకూడదు. మొక్క పీకినా, కాయ ఏరినా, ఎర్రచందనం చెక్కముక్క సంచిలో వేసుకున్నా తప్పే. కొండ నుంచి నిర్భయంగా ఇంటికి తీసుకెళ్ళగలిగేది ఫొటో, లేదంటే బయట కొన్న బొమ్మ. ఆ బొమ్మ తయారుచేసే అవకాశం మీది.

దేశంలో ఏ కొండ ఊరికి వెళ్ళినా ఒకే రకం స్టిక్కర్లు కనిపిస్తాయి. మూడు త్రికోణాలు, వాటి వెనక సూర్యుడు, కింద రెండు దేవదారు చెట్లు, ఊరి పేరు. మనాలీ అని తీసేసి తలకోన అని పెడితే అయిపోతుంది. తలకోనలో దేవదారు ఎక్కడిదని కొనేవాడు అడగడు, కానీ కొనకుండా పక్కకి వెళ్ళిపోతాడు. ఈ పనిలో డబ్బు తెచ్చేది ఒక్కటే సూత్రం. ఈ కొండకి చెందినదాన్ని ఎంచుకోవాలి, దాన్ని తప్పు లేకుండా గీయాలి. షీటు లెక్క, ధర, దుకాణం అన్నీ ఆ తర్వాతే.

ఏం గీయాలి

మొదటి విడతకి నాలుగు బొమ్మలు చాలు. నేనైతే ఈ నాలుగూ ఎంచుకుంటాను.

ఒకటి, ఎర్రచందనం కాయ. అందరూ దుంగ గీస్తారు. దుంగ చూస్తే స్మగ్లింగు వార్త గుర్తొస్తుంది. కాయ చూడండి. గుండ్రంగా, చదునుగా ఉంటుంది. మధ్యలో గింజ ఉన్నచోట ఉబ్బు, చుట్టూ పల్చటి రెక్కలాంటి అంచు. అచ్చంగా స్టిక్కరు ఆకారమే. ఆ గుండ్రం లోపల ఆకు కూడా పెట్టాలనుకుంటే మామూలుగా ఒక్కో కాడకి మూడేసి చిట్టి ఆకులుంటాయి, ఒక్కోటీ గుండ్రంగా ఉండి కొసన చిన్న నొక్కు ఉంటుంది. వేప ఆకులా పొడుగ్గా గీస్తే చెట్టు తెలిసినవాడు నవ్వుతాడు. నేపథ్యానికి బెరడు వాడుకోండి. ముదురు గోధుమ రంగు బెరడు అడ్డంగా, నిలువుగా పగిలి పలకలు పలకలుగా ఉంటుంది. మొసలి వీపులాంటి ఆ గళ్ళు వెక్టర్‌లో గీయడం తేలిక, ముద్రలో బాగా పడతాయి.

రెండు, బంగారు బల్లి. తూర్పు కనుమల్లో మాత్రమే ఉండే బల్లి ఇది. 1870లో బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అధికారి దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. తర్వాత చాలాకాలం దాని ఊసు లేదు. 1980ల్లో తిరుమల కొండల్లో మళ్ళీ కనిపించింది. మగది పసుపు మెరుపుతో ఉంటుంది, అందుకే ఆ పేరు. ఆడది గోధుమ రంగు. రాతి చీలికల్లో, తడి ఉన్న చీకటి చోట్ల బతుకుతుంది, రాత్రిపూట తిరుగుతుంది. చాలా ఆడబల్లులు కలిసి ఒకే రాతి గోడకి గుడ్లు అంటించి పెడతాయి. గీసేటప్పుడు వేళ్ళ దగ్గర జాగ్రత్త. ఇంటి గోడ మీద బల్లిని చూసి గీసేయకండి. దీని వేళ్ళ కొసలు వెడల్పాటి జంట అట్టల్లా విచ్చుకుని ఉంటాయి. ఆ వేళ్ళు సరిగ్గా పడితేనే అది బంగారు బల్లి, లేకపోతే పసుపు పూసిన ఇంటిబల్లి.

మూడు, దేవాంగ పిల్లి. పేరులో పిల్లి ఉన్నా ఇది కోతుల బంధువు. సన్నటి కాళ్ళూ చేతులూ, దగ్గర దగ్గరగా రెండు పెద్ద గుండ్రటి కళ్ళు, కళ్ళ మధ్య తెల్లటి చార. తోక ఉండదు. నెట్‌లో దొరికే బొమ్మలు చూసి తోక తగిలించేవాళ్ళున్నారు. పిల్లలున్న కుటుంబాలకి నచ్చే బొమ్మ ఇది, ఆ కళ్ళే దీన్ని అమ్ముతాయి.

నాలుగు, శిలాతోరణం. తిరుమలలో చక్రతీర్థం దగ్గరున్న సహజమైన రాతి తోరణం. వెడల్పు దాదాపు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. క్వార్ట్‌జైట్ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరల గీతలు వేస్తేనే తోరణానికి బరువు వస్తుంది. నున్నటి కమాను గీస్తే ఊరి మొదట కట్టిన సిమెంటు ఆర్చీ అయిపోతుంది.

ఈ నాలుగూ నిలదొక్కుకున్నాక ఐదోది వేయండి. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన ఒకచోట కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు కలిసే గీత స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ళ వయసుల మధ్య తేడా సుమారు 80 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అక్కడ బోర్డు కూడా ఉంది. కింద బూడిద రంగు, పైన ఎర్ర పొరలు, మధ్యలో ఒక్క గీతతో పొడుగాటి పట్టీ స్టిక్కరు వేస్తే బైకు మీద ఘాట్ ఎక్కే కుర్రాళ్ళు ట్యాంకు మీద అతికించుకుంటారు. '80 కోట్ల ఏళ్ళ గీత దాటాను' అని చిన్న అక్షరాలతో ఒక్క మాట చాలు.

రంగులు తక్కువ వాడండి. అమెరికాలో 1938 నుంచి 1941 దాకా 14 జాతీయ పార్కులకి ప్రభుత్వమే సిల్క్‌స్క్రీన్ పోస్టర్లు వేయించింది. పెద్ద ఆకారం, కొద్ది రంగులు, కింద పేరు. ఇవాళ్టికీ ప్రపంచమంతా పార్కు స్టిక్కర్లకి అదే ఒరవడి. శుభలేఖలకి స్క్రీన్ ప్రింటింగ్ చేసినవాళ్ళకి కొత్తగా నేర్పక్కర్లేదు. రంగుకో స్క్రీను కట్టాలి కాబట్టి ఆ చేతికి పొదుపు అలవాటే.

ఏం గీయకూడదు

స్వామివారి బొమ్మ, ఆలయ గోపురం, నామం వద్దు. స్టిక్కరు ఎక్కడ అతికిస్తారో మన చేతుల్లో ఉండదు. సీసా మీద, సూట్‌కేసు మీద, బండి మడ్‌గార్డు మీద అతికిస్తారు, తర్వాత గోళ్ళతో గీకి పారేస్తారు. భక్తులు నొచ్చుకుంటారు, వాళ్ళే మీ కొనుగోలుదారులు. దేవస్థానం పేరూ గుర్తులూ వాడితే అనుమతుల చిక్కులు కూడా వస్తాయి.

అటవీ శాఖ ముద్ర, మూడు సింహాల చిహ్నం అసలే వద్దు. రాజముద్రని వ్యాపారానికి వాడటాన్ని 2005 చట్టం నిషేధించింది. ఖాకీ రంగులో గుండ్రటి బ్యాడ్జీ గీసి మధ్యలో 'ఫారెస్ట్' అని రాయడం కూడా ఆ దారిలోకే వస్తుంది. శాఖ జారీచేసిన బ్యాడ్జీ అని ఎవరూ పొరబడకూడదు.

అడవిలో అనుమతి లేని జలపాతాల పేర్లు, దారులు వేయకండి. శేషాచలంలో అటవీ శాఖ అనుమతి లేకుండా ట్రెక్కింగు చేయకూడదు. అలాంటి గుండం పేరుతో స్టిక్కరు వేస్తే దాన్ని చూసి నలుగురు కుర్రాళ్ళు దారి తప్పి లోపలికి పోతారు. సందర్శకులని అధికారికంగా రానిచ్చే చోట్లకే పరిమితం కండి.

బొమ్మ ఎవరిది?

నెట్‌లో దొరికిన ఫొటోని ట్రేస్ చేసి అమ్మడం మన షాపుల్లో అలవాటే. పెళ్ళి ఫ్లెక్సీకి చెల్లిందేమో గానీ అమ్మే సరుకుకి చెల్లదు. ఫొటో తీసినవాడిదే దాని హక్కు. దాన్ని అలాగే గీతలుగా మార్చినా హక్కు మారదు. అడవి జంతువుల ఫొటోలు తీసేవాళ్ళు తమ బొమ్మని ఇట్టే గుర్తుపడతారు. పదిహేను ఇరవై ఫొటోలు చూసి కాళ్ళెలా ఉన్నాయి, తలెలా తిప్పుతుంది అని అర్థం చేసుకుని, మీ సొంత భంగిమలో గీయండి. లేదా ఊళ్ళో ఫొటోగ్రాఫరుతో మాట్లాడుకుని, ఇంత మొత్తానికి వాడుకోవచ్చని రాయించుకోండి.

గీసేది మీరు కాకపోతే, బొమ్మ వేసిన ఆర్టిస్టుతో కాగితం ఉండాలి. కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకే అని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. తెల్లకాగితం మీద నాలుగు వాక్యాలు, ఇద్దరి సంతకాలు, ఇచ్చిన మొత్తం రాస్తే సరిపోతుంది. ఆర్టిస్టుకి ఏకమొత్తం కాకుండా అమ్మిన ప్రతి స్టిక్కరుకీ రూపాయో రెండో ఇస్తానంటే మొదట్లో మీ మీద భారం తగ్గుతుంది, అతనికీ ఆసక్తి ఉంటుంది.

ఇప్పుడు ఉద్యోగస్తులకి ముఖ్యమైన సంగతి. ఉద్యోగంలో భాగంగా గీసినదాని హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. ప్రెస్సులో జీతానికి పనిచేస్తూ, డ్యూటీ వేళల్లో, షాపు కంప్యూటరులో బల్లి బొమ్మ గీస్తే రేపు అది బాగా అమ్ముడైనప్పుడు పేచీ వస్తుంది. ఇంట్లో, సొంత సిస్టంలో, డ్యూటీ అయ్యాక గీయండి. ప్రింటు మాత్రం మీ షాపులోనే వేయించుకోవాలనుకుంటే ఓనరుకి ముందే చెప్పండి. 'అన్నా, నా స్టిక్కర్లు నాలుగు షీట్లు వేసుకుంటా, బిల్లు కట్టేస్తా' అంటే కాదనే ఓనరు అరుదు. బిల్లు కట్టిన రసీదు దాచుకోండి.

అక్షరాలు

స్టిక్కరు మీద తెలుగు ఉండాలి. ఇంగ్లీషు పేరుతో స్టిక్కర్లు ఎక్కడైనా దొరుకుతాయి. బెంగళూరు నుంచి, చెన్నై నుంచి వచ్చినవాడికి తెలుగు లిపిలో 'తలకోన' అన్న ముక్కే జ్ఞాపకం. కావాలంటే కింద చిన్నగా ఇంగ్లీషు పెట్టండి.

మన షాపుల్లో ఇంకా అను ఫాంట్లే ఎక్కువ. ఫైలు ఇంకో షాపుకి తీసుకెళ్ళి తెరిస్తే అక్షరాలు గల్లంతవుతాయి. పంపే ముందు కర్వ్స్‌లోకి మార్చడం మరవకండి. మార్చాక ఒత్తులు ఒకసారి పెద్దవిచేసి చూడండి. 'శ్రీ', 'తీర్థం' లాంటి మాటల్లో ఒత్తు విడిపోయి పక్కకి జరుగుతుంది. స్క్రీను మీద కనపడని తప్పు రెండున్నర అంగుళాల స్టిక్కరు మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కొనని ఫాంటుతో అమ్మే సరుకు చేయకండి. రామభద్ర, ధూర్జటి, సూరన్న, మల్లన్న, రవి ప్రకాష్ లాంటి యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఉచిత లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి. వాటితో వేసిన సరుకు అమ్ముకోవచ్చు. లావుపాటి రామభద్ర దూరానికి కూడా కనిపిస్తుంది. ఇంకా మంచిది, పేరుని చేత్తో రాసి స్కాన్ చేయడం. ఊళ్ళో బోర్డులు రాసిన పాత పెయింటరు ఎవరైనా ఉంటే ఆయన చేత రాయించి డబ్బివ్వండి. ఆ చేతిరాత ఇంకే ఫాంటులోనూ దొరకదు.

షీటు లెక్క

డిజిటల్ ప్రెస్సులో ముద్ర 12×18 అంగుళాల షీటు మీద పడుతుంది. అంచులు పోను వాడుకోదగ్గది సుమారు పదకొండున్నర, పదిహేడున్నర. మూడు అంగుళాల స్టిక్కరు వేసి, చుట్టూ కోతకి చోటు వదిలితే అడ్డంగా 3, నిలువుగా 5, మొత్తం 15 పడతాయి. అదే రెండున్నర అంగుళాలకి తగ్గిస్తే అడ్డంగా 4, నిలువుగా 6, మొత్తం 24. షీటు, ప్రింటు, లామినేషన్, హాఫ్ కట్ అన్నీ కలిపి మీ దగ్గర 120 రూపాయలవుతుందనుకుందాం. పెద్దది ఒక్కోటి 8 రూపాయలు పడితే, చిన్నది 5 రూపాయలే. కొనేవాడికి ఆ అరంగుళం తేడా తెలియదు. డిజైను మొదలుపెట్టే ముందే షీటు మీద గళ్ళు గీసుకుని ఆ కొలతలోనే గీయడం తెలివి.

నాలుగు బొమ్మలూ ఒకే షీటు మీద ఆరేసి చొప్పున పేర్చండి. 5 షీట్లు వేస్తే ఒక్కో బొమ్మ 30 వస్తాయి, మొత్తం 120. పైన అనుకున్న లెక్కలో ఖర్చు 600. మొదటి విడత అంతకంటే ఎక్కువ వేయొద్దు. వెయ్యి వేస్తే ధర తగ్గుతుందని ప్రెస్సువాళ్ళు ఊరిస్తారు. ఏది అమ్ముడవుతుందో తెలియకుండా వెయ్యి వేస్తే మిగిలేది బీరువాలో కట్టలే.

ఫైలు సంగతులు చేయితిరిగినవాళ్ళకి తెలిసినవే అయినా మూడు చెప్పాలి. చుట్టూ 2 నుంచి 3 మిల్లీమీటర్ల తెల్ల అంచు వదిలితే కోత కొంచెం జరిగినా బొమ్మ తెగదు. బల్లి తోక కొస, కాయ కాడ లాంటి సన్నటి ముక్కలు కోతలో 3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. సన్నగా ఉంటే ఊడదీసేటప్పుడు తెగుతాయి, అతికించాక ముందు అవే లేస్తాయి. తోకని ఒంటికి చుట్టినట్టు వంచి గీస్తే ఆ గొడవే ఉండదు. పదునైన మూలలన్నీ కాస్త గుండ్రం చేయండి. ఎర్రచందనం ఎరుపు, అడవి ఆకుపచ్చ స్క్రీను మీద మెరిసినంతగా ముద్రలో మెరవవు. ముందే సీఎంవైకేలో పనిచేసి, ఒక్క షీటు వేయించి వెలుగులో చూసి రంగు సరిచేసుకోండి.

పేపరు స్టిక్కరు వద్దు. నీళ్ళ సీసా మీద వారం నిలవదు. చింపినా చిరగని పీవీసీ గమ్మింగ్ షీటు, దానిమీద లామినేషన్ వేయించండి. వేశాక పరీక్షించండి. ఒకటి బండి ట్యాంకు మీద, ఒకటి హెల్మెట్ మీద, ఒకటి రోజూ కడిగే స్టీలు సీసా మీద, ఒకటి లాప్‌టాప్ మీద అతికించి నెల రోజులు వదిలేయండి. రాయలసీమ ఎండలో ముందు పసుపు, ఎరుపు వెలుస్తాయి. మీ బల్లి పసుపు, మీ చందనం ఎరుపు. ఆ రెండూ నిలబడితే మిగతావి నిలబడతాయి. లాప్‌టాప్ మీద నుంచి తీసినప్పుడు జిగురు మిగిలితే కొన్నవాడు తిట్టుకుంటాడు. అలాంటప్పుడు జిగురు మిగలకుండా ఊడివచ్చే రకం షీటు అడగండి.

ధర, ప్యాకింగు, కాగితాలు

విడి స్టిక్కరు 30 రూపాయలకి అమ్ముతున్నారనుకుందాం. దుకాణదారుడికి నూటికి 40 వంతున 12 పోతుంది. స్టిక్కరు 5, కవరు, కార్డు 2, పాడైనవాటి కింద 1, పెట్రోలు కింద 2. మిగిలేది 8. నెలకి 200 అమ్మితే 1,600. నాలుగు స్టిక్కర్ల సెట్టు 100 రూపాయలకి పెడితే దుకాణానికి 40, ముద్ర 20, కవరు 5, పాడైనవి 3, పెట్రోలు 2 పోను 30 మిగులుతుంది. ఒక మనిషి విడిది కొంటే 8, సెట్టు కొంటే 30. అందుకే సెట్టుని ముందు కనిపించేలా పెట్టించండి. ఈ అంకెలు ఉదాహరణకే, మీ ఊరి రేట్లు వేసి మళ్ళీ లెక్క కట్టుకోండి.

మీ శ్రమని లెక్కలో వదిలేయకండి. ఒక బొమ్మకి పది గంటలు పట్టి, మీ గంట విలువ 100 అనుకుంటే 1,000. ఒక్కోదాని మీద 8 మిగిలితే 125 అమ్మాకే మీ గీతకి కూలి దక్కినట్టు. నెలకో కొత్త బొమ్మ వేస్తానని ఉత్సాహపడేవాళ్ళు ఈ లెక్క ముందు చూసుకోవాలి.

ప్యాకింగుకి కాగితం కవరే వాడండి. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ కవర్లు నిషిద్ధం. అడవి జ్ఞాపకాన్ని ప్లాస్టిక్‌లో పెట్టి ఇవ్వడం చూడటానికీ బాగుండదు. కవరు మీద తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, ఎన్ని ఉన్నాయి, తయారైన నెల, ఏడాది, పన్నులన్నీ కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబరు వేయండి. తూనికలు కొలతల శాఖ నిబంధనలు ముందే ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఇవి అడుగుతాయి. చిన్న రబ్బరు స్టాంపుతో పని అయిపోతుంది. వెనకవైపు మూడు వాక్యాల్లో ఆ బల్లి కథో, కాయ కథో రాయండి. ఇంకో వాక్యం తప్పకుండా ఉండాలి: 'రాళ్ళ మీద, చెట్ల మీద, అడవి బోర్డుల మీద అతికించకండి.' మీ స్టిక్కరు తలకోన రాయి మీద కనిపించిన రోజు మీ పేరు పోతుంది.

జీఎస్టీ గురించి భయం వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాకా నమోదు అక్కర్లేదు. కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డరు తీసుకుని బెంగళూరుకో చెన్నైకో పంపడం మొదలుపెడితే అది రాష్ట్రం దాటిన అమ్మకం, దానికి ఈ మినహాయింపు వర్తించదు. ఆ దశకి వచ్చాక ముందు ఆడిటరుని అడగండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. అప్పు జోలికి మాత్రం పోవద్దు. 600 రూపాయలతో మొదలయ్యే పనికి లోను ఎందుకు?

ఎక్కడ అమ్మాలి

అడవి లోపల, టికెట్ కౌంటర్ దగ్గర అమ్మాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసులో నమూనాలతో సహా అర్జీ పెట్టండి. అడవి జంతువుల పట్ల గౌరవంగా ఉన్న బొమ్మ, వెనక 'రాళ్ళ మీద అతికించకండి' అన్న మాట చూపిస్తే మీ అర్జీకి బలం. ఈలోగా బయట అమ్మండి. తలకోన దారిలో టీ కొట్లు, లాడ్జీ కౌంటర్లు, బస్టాండు పుస్తకాల షాపులు, బైకు సామాన్ల కొట్లు, బ్యాగులు అమ్మే షాపులు చూడండి. తిరుపతిలో జూ పార్కు, అలిపిరి దగ్గర సైన్సు సెంటరుకి పిల్లలు బస్సుల్లో వస్తారు. ఆ చుట్టుపక్కల దేవాంగ పిల్లి, బంగారు బల్లి బాగా పోతాయి. యూనివర్సిటీలో జువాలజీ, బోటనీ, జియాలజీ చదివే పిల్లలుంటారు. వాళ్ళ ఫెస్టుకి ఒక బల్ల వేసుకుంటే అమ్మకమే కాదు, బొమ్మలో తప్పులు కూడా ఉచితంగా చెబుతారు. ఆ తప్పులు రాసుకుని రెండో విడతలో సరిచేయండి.

దుకాణానికి ఇచ్చేటప్పుడు మొదట అమ్మకానికి పెట్టినట్టు ఇవ్వండి, అమ్ముడైనవాటికే డబ్బు. రెండు కాపీల చీటీ రాయండి: ఏ రోజు, ఏ బొమ్మ ఎన్ని, దుకాణదారుడి వాటా ఎంత. పదిహేను రోజులకోసారి వెళ్ళి లెక్క చూసుకోండి. 'ఏం పోలేదన్నా, అలాగే ఉన్నాయి' అంటే స్టిక్కర్లు కౌంటరు కింద డ్రాయరులో ఉన్నాయని అర్థం. అట్టముక్కకి నాలుగు బొమ్మలూ అతికించి, చిన్న తాడు కట్టి, కౌంటరు మీద కళ్ళెదురుగా వేలాడదీసి రండి. దుకాణదారుడి బండి మీద ఒకటి ఉచితంగా అతికించండి, అడిగినవాళ్ళకి ఆయనే చెబుతాడు.

సీజను చూసుకోండి. తలకోన జలపాతం ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నిండుగా ఉంటుంది. తిరుమల బ్రహ్మోత్సవాలూ ఆ ముందో, ఆ మొదట్లోనో వస్తాయి. మార్చి దాటాక నీళ్ళు సన్నబడతాయి, ఎండలు ముదురుతాయి. ఎక్కువ సరుకు సెప్టెంబరులో వేయించండి, వేసవిలో కొత్త బొమ్మలు గీసుకోండి. భారీ వానలకి జలపాతం దారి మూసేస్తారు, ఆ రోజుల మీద ఆశ పెట్టుకుని సరుకు ఎత్తకండి.

ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు ఆపాలి

మూడు నెలలకోసారి కూర్చుని ఏ బొమ్మ ఎక్కడ ఎన్ని పోయిందో పట్టీ రాయండి. నాలుగింటిలో బాగా వెనకబడినదాన్ని తీసేసి కొత్తది పెట్టండి. పేరిత అనే మొక్క ఉంది, తిరుపతి, కడప కొండల్లో మాత్రమే కనిపించే ఈతచెట్టు పోలిక మొక్క. తలకోనలో చెట్లని చుట్టుకుని పాకే గిల్లతీగ ఉంది, బెట్టుడుత ఉంది. ముడిసరుకుకి కొదవ లేదు. రెండు సీజన్లు గడిచాక కూడా మీ గంటకి కూలి పడకపోతే బొమ్మలు ఇంకో అమ్మకందారుకి రాయల్టీ మీద ఇచ్చేసి, మీరు గీయడం వరకే ఉంచుకోండి.

ఒక్క హెచ్చరిక. ఎప్పుడో ఒకప్పుడు దుకాణదారుడు 'ఆ బల్లీ గిల్లీ ఎందుకన్నా, బైకు, కొండ, సూర్యుడు వేయి, ఫట్‌మని పోతాయి' అంటాడు. నిజమే, పోతాయి. కానీ ఆ డిజైను వారంలో పక్క షాపువాడూ వేస్తాడు, పదిహేను రూపాయలకే ఇస్తాడు. అప్పుడు మీకు మిగిలేది ధర తగ్గించుకునే పోటీ. వేళ్ళు సరిగ్గా ఉన్న బంగారు బల్లి గీయాలంటే ఫొటోలు వెతకాలి, కాలెలా పెడుతుందో చూడాలి, తప్పులు దిద్దుకోవాలి. ఆ ఓపిక పక్క షాపువాడికి ఉండదు. మీ ముప్పై రూపాయలు వచ్చేది ఆ ఓపికకే.